దేవుడి మీద పాలిపోయిన పదిమంది

కుప్పం,
జనవరి 1998.

మునికృష్ణా,

నువ్వు ఉత్తరాలు రాసే మనిషివి కాదని తెలుసు. నీ ఇల్లాలు యమునమ్మ పోయినప్పుడు వచ్చి నీ పక్కన కూర్చున్నాను. నేనే మాట్లాడినాను, అదీ యూరియా దొరకడం లేదని. ఆ పూట నోటికి వేరే ఏదీ రాలేదు. మన్నించు.

ఇప్పుడొక మంచి వార్త. నా ఎరువుల అంగడి మిద్దె మీద ఖాళీ గది ఉంది కదా, అందులో ఒక సంఘం పెట్టినాము. పేరు 'కుప్పం పాశ్చాత్య అఖండ శ్రవణ సమాజం'. అఖండం అనే మాట నాదే. బెంగళూరు హాస్టల్లో మనం వాదించుకునేవాళ్లం, గుర్తుందా? మామూలు రికార్డులో పది పాటలుంటే పది పాటలే. ప్రోగ్రెసివ్ రాక్ వాళ్ల కాన్సెప్ట్ ఆల్బమ్‌లో పది పాటలున్నా కథ ఒక్కటే. నడుమ లేచిపోయినవాడు హరికథలో పెండ్లి ఘట్టం చూసి యుద్ధానికి ముందే ఇంటికి పోయినవాడితో సమానం. ఆ సూత్రం మీదే సంఘం నడుస్తోంది.

నిబంధనలు కఠినం. రికార్డు మొదలైనాక తలుపు గడియ పెడతాము. దగ్గు రాకూడదు. చప్పట్లు లేవు. ఒంటికి పోవలసినవాళ్లు మొదటి పక్క అయిపోయి రెండో పక్క తిప్పేలోగా పోయి రావాలి. చక్కెర జబ్బు ఉన్నందువల్ల పట్టుగూళ్ల వ్యాపారి చిన్నప్పకు మాత్రం మినహాయింపు. ఆయన అయిదు దెబ్బల పాటకు ఖండచాపు, ఏడు దెబ్బల పాటకు మిశ్రచాపు తొడ మీద వేసి చూపిస్తాడు. "ఇంగ్లండోళ్లు కనిపెట్టిందేముండాదప్పా, మా నాయన భజనలో వాయించిందే" అంటాడు. రిటైరైన ఇంగ్లీషు లెక్చరర్ రామచంద్ర మాకు వ్యాఖ్యాత. ఆయన మాట్లాడేటప్పుడు మాత్రం ఎవరైనా లేచిపోవచ్చు.

ఇప్పుడు మేము అధ్యయనం చేస్తున్నది నువ్వు నాకు క్యాసెట్ చేసి ఇచ్చిన 'ది రెయిన్ క్లర్క్'. కొండమీద ఆఫీసు, వానలన్నీ ఫైళ్లలో కట్టలు కట్టి ఉండడం, గుమాస్తా సంతకం పెడితేనే ఊరికి వాన పడడం. మొదటి సభలో ఈ కథ చెబితే చిన్నప్ప కండ్లనీళ్లు పెట్టుకున్నాడు. "ఇది మన మండలాఫీసే. వీళ్లకెట్లా తెలిసింది?" అన్నాడు.

అసలు విషయానికి వస్తాను. రెండో పక్కలో, ఆ పక్కంతా ఒకటే పాట కదా, గిటారు ఆగి ఆర్గన్ ఒక్కటే మిగిలినచోట, దూరం నుంచి ఒక స్త్రీ గొంతు వస్తుంది. ఒకే ఒక్క వాక్యం. ఇరవై ఏండ్లుగా వింటున్నాను, ఇప్పుడు గాని దాని లోతు తెలియలేదు. కథకంతా అదే తాళంచెవి అని నా అభిప్రాయం. దాని మీద భాష్యం రాస్తున్నాను. నీ దగ్గర రికార్డు ఉంది. లోపలి కాగితం మీద పాటలన్నీ అచ్చు వేసి ఉంటారు. ఆ వాక్యం చూసి పంపు.

నీ
కదిరప్ప


మదనపల్లె,
ఫిబ్రవరి 1998.

కదిరప్పా,

ఉత్తరం అందింది.

రికార్డు లేదు. అట్టను, లోపలి కాగితాన్ని చెదలు తిన్నాయి. రికార్డును తినలేదు. అది ఎండకు వంకర పోయింది.

నాకు గుర్తున్నంతవరకు ఆ పాటలో ఆడమనిషి గొంతు లేదు. ఆ బృందంలో ఆడవాళ్లే లేరు.

నువ్వు విన్నది విన్నట్టు రాసి పంపు. అర్థం అక్కరలేదు.

మునికృష్ణ


కుప్పం,
ఫిబ్రవరి 1998.

మునికృష్ణా,

అర్థం అక్కరలేదంటావా! పోయిన సభ అంతా దాని మీదే నడిచింది. సరే, విన్నది విన్నట్టు తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను.

"ఏమెన్, ఓ! పేల్ అపాన్ గాడ్, టెన్ డై!"

ఆమేన్, ఓ! దేవుడి మీద పాలిపోయి పదిమంది చస్తారు. మొదట ప్రార్థన, వెంటనే శాపం. రోమాలు నిక్కబొడుచుకుంటాయి. 'దేవుడి మీద పాలిపోవడం' అనేది పాత ఇంగ్లీషు ప్రయోగమని, సామాన్యులకు తెలియదని రామచంద్ర చెప్పినాడు. ఏ పుస్తకంలో ఉందని అడిగితే, ఆ పుస్తకం ఇప్పుడు దొరకదన్నాడు.

ఆ పదిమంది ఎవరు? ఇక్కడ సంఘం మూడుగా చీలింది. ఈ గుమాస్తాకు ముందు ఆ కుర్చీలో కూర్చుని చచ్చిన పదిమంది గుమాస్తాలని నా వాదం. రామచంద్ర పది ఇంద్రియాలంటాడు. చిన్నప్ప లెక్క వేరు. "మృగశిర కార్తె నుంచి చిత్త దాకా లెక్కబెట్టు. వానకార్తెలు పదే. పదీ ఎండిపోయినాయని ఆయమ్మ ఏడస్తాంది" అన్నాడు. చప్పట్లు నిషేధమని తెలిసినా ఇద్దరు కొట్టినారు.

వాక్యం తర్వాత వచ్చే చప్పుళ్లు కూడా వివరిస్తాను. మొదట కంచు మోగినట్టు ఖంగుమంటుంది. ఇది మఠాల్లో వాడే గంట. తర్వాత సర్రుమని ఆవిరి లేచిన చప్పుడు. ఇది కాలిన నేల మీద పడిన మొదటి చినుకు. ఈ ఒక్క చప్పుడు కోసం వాళ్లు స్టూడియోలో ఎంత కష్టపడ్డారో! ఆ తర్వాత ఆ స్త్రీ నవ్వుతుంది. నవ్వు కాదు ఏడుపని రామచంద్ర. ఆ గొడవ ఇంకా తెగలేదు.

నీ అభిప్రాయం రాయి. రెండు వాక్యాలైనా రాయి.

కదిరప్ప


మదనపల్లె,
మార్చి 1998.

వదినా,

మీ చెల్లెలు ఉన్నప్పుడు పుంగనూరుకు ఉత్తరాలన్నీ తనే రాసేది. నేను కింద సంతకం పెట్టేవాణ్ణి. అందుకని ఇది ఎట్లా రాయాలో తెలియడం లేదు.

కుప్పం కదిరప్ప మీకు తెలుసు. మా పెండ్లిలో మైకు ముందు ఇంగ్లీషులో మాట్లాడినవాడు. అతని దగ్గర నేను పూర్వం చేసి ఇచ్చిన పాటల క్యాసెట్ ఉంది. అందులో ఒక ఇంగ్లీషు మాట ఉందని రాసినాడు. దాన్ని కింద రాస్తున్నాను. మనసులో చదవొద్దు. పెరట్లో నిలబడి, ఇంట్లో ఉన్నవాళ్లకు వినబడేటట్టు, ఆగకుండా గట్టిగా చదవండి.

ఏమెన్ ఓ పేల్ అపాన్ గాడ్ టెన్ డై.

నాకు ఆ రోజు గుర్తుంది. అప్పుడు మాకు వైరు పెట్టి ఎక్కించే వసతి లేదు. రికార్డు తిరుగుతుంటే ఎదురుగా టేప్‌రికార్డర్ పెట్టి పట్టినాను. యమున పెరట్లో బట్టలు ఆరేస్తోంది. స్టవ్ మీద పాలున్నాయి. నేను లేచి నడిస్తే నేల అదిరి రికార్డు మీద ముల్లు ఎగురుతుంది. అందుకని లేవలేదు. తనే పరిగెత్తి వచ్చి గిన్నె దించింది. నవ్వింది. క్యాసెట్ నేను మళ్లీ వినలేదు. మరునాడే కదిరప్పకు ఇచ్చేసినాను.

ఇంట్లో ఫొటోలు చాలా ఉన్నాయి. గొంతు ఎక్కడా లేదు. మీ ఇంట్లో పెండ్లిళ్ల క్యాసెట్లు ఏమైనా ఉంటే చూడండి.

మునికృష్ణ


పుంగనూరు,
మార్చి 1998.

ఏమప్పా మునికృష్ణా,

వదిన నారాయణమ్మ రాసేది. నీ కాగితం పెరట్లోకి తీసకపోయి, అద్దాలు పెట్టుకోని, నువ్వు సెప్పినట్లే గట్టిగా సదివినా. పక్కింటి పూలమ్మ "అయ్యో నా పాలు!" అని లోపలికి ఒకటే పరుగు. మళ్లా వచ్చి, "నేను స్టవ్వే ముట్టీలేదు కదక్కా, యాల అట్లా అరిసినావు?" అని నామింద కోపం చేసుకునింది. అప్పుడు తెలిసె నాకు. బట్టలుతికే బండ మింద కూసుంటి.

"ఏమయ్యో, పాలు పొంగతాండాయి!"

మా యమునే. 'అయ్యో' దగ్గిర సాగదీసేది సూడు, అది మా అమ్మది. అమ్మ పోయినాక దానికొక్కదానికే ఉండె.

నువ్వడిగిన పెండ్లి క్యాసెట్లు అన్నీ సూసినా. మావాని పెండ్లి వీడియోలో అది బాగా ఉండాది. పీట దగ్గిర నిలబడి ఎవురినో తిడతాంది. గానీ ఆ వీడియో తీసినోడు మాటలన్నీ తీసేసి సినిమా పాటలు ఎక్కించినాడు. నోరు ఆడతాది, డాన్సు పాట ఇనబడతాది. వాని సేతులు పడిపోను.

ఇంక ఆలోసన యాల? కదిరప్పకు ఒక ముక్క రాయి. "ఇది నా పెండ్లాము గొంతురా, ఇచ్చెయ్" అను. ఆయప్ప మనకు శత్రువా? మీ మొగోళ్ల సంగతి నాకు అర్థం కాదు. ఒకడు దాన్ని ఇంగ్లీసనుకోని పూజ సేస్తాండాడు, ఒకడు తెలుగని తెలిసి కూడా నోరు తెరవడు.

వేళకు తింటాండావా లేదా, అది రాయి ముందు.

నారాయణమ్మ


మదనపల్లె,
మార్చి 1998.

కదిరప్పా,

ఆ క్యాసెట్ నాకు కావాలి. కారణం అడగొద్దు. పోస్టులో పంపొద్దు, పగిలిపోతుంది. నువ్వు ఎప్పుడు రమ్మంటే అప్పుడు అంగడికి వచ్చి తీసుకుంటాను.

మునికృష్ణ


కుప్పం,
ఏప్రిల్ 1998.

మిత్రుడు శ్రీ మునికృష్ణ గారికి,

'గారు' అని ఎందుకు రాసినానో చివరికి తెలుస్తుంది.

నీ ఉత్తరం వచ్చిన వారమే ఇక్కడ పెద్ద సంచలనం. రామచంద్ర శిష్యుడొకడు బెంగళూరు నుంచి 'ది రెయిన్ క్లర్క్' సి.డి. తెచ్చినాడు. కొత్తగా శుభ్రం చేసి విడుదల చేసినారట. తలుపు గడియ పెట్టుకుని విన్నాము. గిటారు ఆగింది. ఆర్గన్ ఒక్కటే మిగిలింది. అందరం ఊపిరి బిగబట్టినాము. వాక్యం రాలేదు! గంట లేదు, చినుకు లేదు, నవ్వు లేదు. ఉత్త ఆర్గన్ పోతూ ఉంది, దిక్కులేని బిడ్డ మాదిరి.

గదిలో ఒకటే గోల. "యాడికి పోయిందప్పా ఆయమ్మ?" అని చిన్నప్ప లేచి సి.డి. ప్లేయర్ వెనక్కి కూడా చూసినాడు. చివరికి రామచంద్ర తేల్చినాడు. కంపెనీవాళ్లు కోసేసినారు. దేవుడి పేరెత్తి శపించే వాక్యం కాబట్టి అక్కడి మతపెద్దలు ఒప్పుకుని ఉండరు. కాబట్టి లోకంలో ఎక్కడా లేని శుద్ధపాఠం ఇప్పుడు కుప్పంలో, ఎరువుల అంగడి మిద్దె మీద మాత్రమే ఉంది!

ఆ క్షణం నుంచి క్యాసెట్‌కు గాజుపెట్టె చేయించినాము. చిన్నప్ప పట్టుగుడ్డ ఇచ్చినాడు. మూలప్రతి గది దాటరాదని తీర్మానించినాము. కాపీ తీస్తే గొంతు సగం చచ్చిపోతుంది కాబట్టి కాపీ కూడా నిషేధం. సభలో మాత్రం ఆ వాక్యాన్ని వెనక్కి తిప్పి తిప్పి వింటున్నాము. ఈ నడుమ 'ఏమెన్' కొంచెం పలచబడింది. అది కాలధర్మమని రామచంద్ర అన్నాడు.

ఇటువంటి సమయంలో నువ్వు క్యాసెట్ కావాలంటావు, కారణం అడగొద్దంటావు. నాకు కారణం తెలుసులే. హాస్టల్లో కూడా అంతే. నేను వాదించి వాదించి గొంతు పోగొట్టుకున్నాక నువ్వు ఒక్క మాట చెప్పి పేరు కొట్టేసేవాడివి. నువ్వు మదనపల్లెలో పోటీ సంఘం పెట్టి భాష్యం రాస్తావు. నా పుస్తకం అచ్చుకు పోయింది. పేరు 'దేవుడి మీద పాలిపోయిన పదిమంది'. జూన్‌లో ఆవిష్కరణ. వినాలంటే వచ్చి అందరితోపాటు కూర్చుని విను. మీకు ముందువరస కుర్చీ ఉంటుంది, గారు.

కదిరప్ప


మదనపల్లె,
మే 1998.

వదినా,

వేళకు తింటున్నాను.

కదిరప్ప ఇవ్వనన్నాడు. క్యాసెట్‌ను గాజుపెట్టెలో పెట్టినాడు. ఆ మాట దగ్గర వెనక్కి తిప్పి తిప్పి వింటున్నారట. టేపు అరిగిపోతోంది. మొదటి మాట పలచబడిందని తనే రాసినాడు. ఇంకొన్ని సభలైతే మిగతాది కూడా పోతుంది.

నిజం రాస్తే ఇస్తాడు. నాకూ తెలుసు. రాయాలని కూర్చున్నాను. 'అది యమున గొంతు' అని రాసినాను. ఆ తర్వాతి వాక్యం రాలేదు. కాగితం చింపేసినాను. పైగా అతని పుస్తకం అచ్చులో ఉంది. నలుగురిలో నవ్వులపాలవుతాడు.

జూన్‌లో పుస్తకం ఆవిష్కరణకు పోయి, తలుపు గడియ పెట్టిన గదిలో వినమంటాడు. అంతమంది నడుమ కూర్చుని వినలేను. విని ఊరకే ఉండలేను.

మునికృష్ణ


పుంగనూరు,
మే 1998.

మునికృష్ణా,

సెప్పలేవు, పోలేవు, ఊరకా ఉండలేవు. ఆడ కుప్పంలో వాళ్లు దాన్ని గీకి గీకి అరగదీస్తాండారు. నువ్వు ఈడ మర్యాద అని కూసో. నీకు మర్యాద మిగలతాది, గొంతు మిగలదు.

నేను పోతాండా కుప్పం. మా ఆడబిడ్డ ఆన్నే ఉండాది, సూసినట్లూ అవతాది. నీ కదిరప్పకు నేనెవురో సెప్పను. పాట ఇనేదానికి వచ్చినా అంటా. సంగమంతా లేచిపోయినాక నెమ్మదిగా ఒక్కణ్ణే పక్కకు పిలిసి అడగతా. ఆయప్ప పరువు యాడికీ పోదు. నలుగురిలో నేను నోరు తెరిస్తే ఒట్టు. సాలునా?

గడియ పెడతారంట కదా? పెట్టనీ. మా అత్తతో నలబై ఏండ్లు గడియ లేకుండానే ఉంటి.

నారాయణమ్మ


కుప్పం,
జూన్ 1998.

మునికృష్ణా,

ఆవిష్కరణ సభ నివేదిక రాయాలని మొదలుపెట్టినాను. నాలుగు కాగితాలు చింపినాను. జరిగింది జరిగినట్టే చెబుతాను.

గది నిండింది. ఎరువు బస్తాలు కిందికి దించి జంబుఖానా పరిచినాము. పుస్తకాల కట్ట మీద పసుపు, కుంకుమ. రామచంద్ర ముందుమాట చదువుతుంటే ఒక పెద్దావిడ వచ్చి తలుపు పక్కన కూర్చుంది. ఎవరమ్మా అంటే, "పాటకి వచ్చినా, సామీ" అంది. ఆడవాళ్లు కూడా వస్తున్నారని నేను పొంగిపోయినాను. ముఖం ఎక్కడో చూసినట్టుంది, కాని ఆ సంబరంలో పట్టించుకోలేదు.

క్యాసెట్ వేసినాము. మొదటి పక్క అయింది. తిప్పేటప్పుడు రామచంద్రతో సహా అందరూ కిందికి పోయి వచ్చినారు. ఆమె మాత్రం కదల్లేదు. మా సంఘంలో అఖండం అనే మాటను పూర్తిగా పాటించిన మనిషి ఆమె ఒక్కతే.

రెండో పక్క. గిటారు ఆగింది. ఆర్గన్ మిగిలింది. గొంతు వచ్చింది.

వచ్చిన మరుక్షణం తలుపు దగ్గర నుంచి ఇంకో గొంతు లేచింది. "దించెయ్యే యమునా! సెయ్యి కాలతాది, గుడ్డ పట్టుకోని దించు!"

ఆ వెంటనే టేపులో గిన్నె ఖంగుమంది. సర్రుమంది. నవ్వు.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "తప్పయిపాయె సామీ, నోరు జారింది" అంది. చిన్నప్ప నెమ్మదిగా ఆమె వైపు తిరిగి, "పాలామ్మా?" అని అడిగినాడు. ఆమె తల ఊపింది. "ఆవువా, బర్రెవా?" అన్నాడు. ఆ మనిషి అంతే.

వెనక్కి తిప్పి మళ్లీ వేసినాము. మునికృష్ణా, ఇంగ్లీషు పోయింది. ఎంత ప్రయత్నించినా రాలేదు. గాడ్ లేడు, టెన్ లేదు, డై లేదు. శుద్ధమైన మన తెలుగు, మన ఇండ్లలో రోజూ వినబడేది. ఇంగ్లీషు పాటలో ఉంది కాబట్టి ఇంగ్లీషే అయ్యుండాలని ఇరవై ఏండ్లు విన్నాను. ఆ గొంతు 'అన్నా, ఇంకొంచెం వేసుకో' అంటే మీ ఇంట్లో తిన్నవాణ్ణి. ఆ స్టవ్ మీది పాలతో కాఫీ తాగినవాణ్ణి.

రామచంద్ర మాత్రం లొంగలేదు. ఆ బృందంలో ఎవరికైనా తెలుగు వచ్చి ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేమని అన్నాడు. ఇద్దరు సభ్యులు ఆయనతో కలిసి బయటికి పోయినారు. వేరే సంఘం పెడతారని విన్నాను. పుస్తకాలు నా అంగట్లోనే ఉన్నాయి. పనివాళ్లు వాటి కాగితంలో వంగ విత్తనాలు పొట్లం కడుతున్నారు. నేను వద్దనలేదు. తను మీ వదినననీ, నీ ఉత్తరాల సంగతీ ఆమె అందరూ పోయినాక చెప్పింది, పోతూ పోతూ ఒక పుస్తకం తీసుకుంది.

క్యాసెట్ ఆమెకు ఇచ్చినాను. పట్టుగుడ్డ తీసేసి ఇచ్చినాను. గదికి తాళం వేసినాను.

నా మీద నవ్వుకో, ఊరంతా నవ్వుతోంది. కాని ఒకటి అడుగుతాను. నా రెండో ఉత్తరానికే నీకు తెలిసిపోయింది కదా. ఒక్క ముక్క రాసి ఉంటే గాజుపెట్టెతో సహా తెచ్చి నీ చేతిలో పెట్టి ఉండేవాణ్ణి. నేను పోటీ సంఘమనీ, గారనీ కూస్తుంటే చదువుతూ ఊరకే ఉన్నావు. యూరియా గురించి మాట్లాడినవాడికి ఇది చెప్పుకోలేననుకున్నావా?

కదిరప్ప


మదనపల్లె,
జూలై 1998.

కదిరప్పా,

వదిన తెచ్చి ఇచ్చింది.

రాయకపోవడం నీ వల్ల కాదు. ఎవరికీ చెప్పలేదు. వదినకు కూడా చెప్పలేక, నువ్వు రాసిన ఇంగ్లీషు మాటనే రాసి పంపి, పైకి చదవమన్నాను. ఆ రోజు నువ్వు యూరియా గురించి మాట్లాడినావు. మిగతావాళ్లందరూ ధైర్యం చెప్పినారు. నీ మాటలే నయం.

నీ పుస్తకం చదివినాను. మొత్తం తప్పు. సర్రుమన్న చప్పుడు కాలిన నేల మీద పడిన మొదటి చినుకు అని రాసినావు. ఆ ఒక్క వాక్యం కొట్టెయ్యొద్దు.

టేపు అరిగింది. 'ఏమయ్యో'లో మొదటి సగం లేదు. మిగతాది ఉంది. ఇక్కడ తెలిసిన అంగట్లో కూర్చుని కొత్త క్యాసెట్ మీదికి ఎక్కించుకున్నాను. అసలుదాన్ని ఇక తిప్పను.

గది తాళం తీయి. రెండో ఆదివారం వస్తాను. సి.డి. వెయ్యి. గుమాస్తా కిటికీలన్నీ తెరిచి ఫైళ్లను గాలికి వదిలేసేచోట, మొదటి పాట వరస నిదానంగా, సగం వేగంలో తిరిగి వస్తుంది. ఆ రికార్డులో నాకు నచ్చింది అదే. మీరు అఖండం అని పేరు పెట్టుకుని ప్రతిసారీ పాల దగ్గరే ఆపి వాదించుకున్నట్టున్నారు. ఆ చివరిదాకా ఎవరూ పోయినట్టు లేదు. చిన్నప్పను రమ్మను. బర్రెపాలని చెప్పు.

ఇంకొక సంగతి. నవ్వు తర్వాత డ్రమ్ములు మొదలవుతాయి. వాటి కింద యమున ఇంకో మాట అంటుంది. స్పీకరుకు చెవి ఆనించి వింటే తెలుస్తుంది.

"ఎప్పుటికయిపోతాదయ్యా ఇది?"

నా గొంతు కూడా ఉంది. "అయిపోవస్తాండాది" అంటాను.

అప్పటికి ఆ పాట సగం కూడా కాలేదు.

మునికృష్ణ